ఆంగ్లభాషలో తమబర్థక రూపములు: చరిత్ర, అర్థము, ప్రయోగము

‘తారతమ్యము’ అను మాటను మనము నిత్యము వాడుచుందుము. అది ‘తర’, ‘తమ’ అను రెండు సంస్కృత ప్రత్యయముల కూడికచే ఏర్పడిన మాట యని మాత్రము తరచుగా స్మరింపము. ఇద్దరిలో ఒకరి ఆధిక్యమును చెప్పునది ‘తర’. అనేకులలో ఒకరి ఆధిక్యమును చెప్పునది ‘తమ’. ఆంగ్ల వ్యాకరణమున మొదటిదానికి ‘కంపారెటివ్’ అనియు, రెండవదానికి ‘సూపర్లేటివ్’ అనియు పేర్లు. ‘మీదికి కొనిపోబడినది’ అను అర్థముగల లాటిను పదమే ఈ రెండవ పేరునకు మూలము. సౌకర్యముకొరకు ఈ వ్యాసమున వీనిని తరబర్థకము, తమబర్థకము అని వ్యవహరింతును.

మన తరగతిగదులలో విద్యార్థి ‘మోస్ట్ బెస్ట్’ అని వ్రాసినచో ఉపాధ్యాయుడు దానిని కొట్టివేయును. అది నేటి శిష్టప్రయోగమునకు విరుద్ధము గనుక కొట్టివేయుట న్యాయమే. కాని కారణ మడిగినచో, ‘అన్నిటికంటె పైనున్నదానిని మరల పైకెత్తుట తర్కవిరుద్ధము’ అను సమాధానము వచ్చును. ఇది సరియైన సమాధానమేనా? తర్కవిరుద్ధమే యైనచో ఆంగ్లకవులలో అగ్రగణ్యుడైన షేక్స్పియరు అట్టి రూపములను ఎట్లు ప్రయోగించెను? ఆ భాషలోని బైబిలు అనువాదములలో అవి ఎట్లు చేరెను? ఆంగ్లభాషా చరిత్రను పరిశీలించినచో, తమబర్థక ప్రత్యయము కాలక్రమమున అరిగిపోవుటయు, దానిపై మరియొకటి చేరుటయు ఆ భాషకు ఆదినుండి సహజమని తేలును. ద్విరుక్తిని నిషేధించిన నియమము తర్కమునుండి పుట్టినది కాదు. 18వ శతాబ్దిలో స్థిరపడిన శిష్టాచారమునుండి పుట్టినది. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ప్రత్యయముల పుట్టుక

నేటి ఆంగ్లమున తమబర్థక ప్రత్యయము ‘ఎస్ట్’. ఇది ఇండో-యూరోపియను భాషాకుటుంబమున మిక్కిలి ప్రాచీనమైనది. సంస్కృతమునందలి ‘ఇష్ఠ’, గ్రీకునందలి ‘ఇస్టోస్’ దీనికి సోదరములు. సంస్కృతమున ‘స్వాదిష్ఠ’, గ్రీకున ‘హేదిస్టోస్’, ఆంగ్లమున ‘స్వీటెస్ట్’ అను మూడు పదములును ధాతువునందును ప్రత్యయమునందును ఒకే మూలమునుండి వచ్చినవి. మనకు సుపరిచితములగు శ్రేష్ఠ, జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, బలిష్ఠ శబ్దములందున్న ‘ఇష్ఠ’యే ఆంగ్లమున ‘ఎస్ట్’గా నిలిచినది.

ప్రాచీనాంగ్లమున ఈ ప్రత్యయము రెండు రూపములతో కనబడును: ‘ఓస్ట్’ ఒకటి, ‘ఎస్ట్’ రెండవది. ఈ రెండవదానికి మూల జర్మానిక భాషలో మొదట ఇకార ముండెడిది. ఆ ఇకార ప్రభావముచే ముందున్న ధాతువులోని అచ్చు మారెడిది. ‘దీర్ఘమైన’ అను అర్థముగల ‘లాంగ్’ శబ్దమునకు ‘లెంగెస్ట్’ అనియు, ‘బలమైన’ అను అర్థముగల ‘స్ట్రాంగ్’ శబ్దమునకు ‘స్ట్రెంగెస్ట్’ అనియు రూపములు. తరువాతి కాలమున సామ్యముచే ఇవి ‘లాంగెస్ట్’, ‘స్ట్రాంగెస్ట్’ అని మారినవి. ‘ఓల్డ్’ శబ్దమునకు మాత్రము ‘ఓల్డెస్ట్’ అను క్రొత్త రూపముతోపాటు, ‘ఎల్డెస్ట్’ అను పాత రూపము తోబుట్టువుల వరుసను చెప్పుపట్ల నేటికిని మిగిలియున్నది.

కొన్ని విశేషణములకు తమబర్థకమున ధాతువే వేరు. ‘గుడ్’ శబ్దమునకు ‘బెస్ట్’ అనుటలో మూలపదముయొక్క అక్షరమైనను లేదు. విద్యార్థులు దీనిని ఆంగ్లభాషకు మాత్రమే కల వింతగా భావింతురు. కాని పాణినీయము చదివినవారికి ఇది వింత కాదు. ప్రశస్య శబ్దమునకు ‘శ్ర’ అను ఆదేశము వచ్చి శ్రేయస్, శ్రేష్ఠ రూపములును, వృద్ధ శబ్దమునకు ‘జ్య’ అను ఆదేశము వచ్చి జ్యాయస్, జ్యేష్ఠ రూపములును సిద్ధించునని పాణిని చెప్పెను. మిక్కిలి వాడుకలోనున్న విశేషణములకు వేరువేరు ధాతువులనుండి రూపములు సమకూరుట రెండు భాషలకును సమానము.

అరిగిన అతిశయము

‘ఎస్ట్’ కాక ప్రాచీనాంగ్లమున మరియొక తమబర్థక చిహ్న ముండెడిది. అది మకారము. సంస్కృతమున ప్రథమ, మధ్యమ, అధమ, పరమ శబ్దములందును, లాటినున ‘ప్రీముస్’, ‘ఇన్ఫిముస్’ శబ్దములందును ఉన్న మకారమే ఇది. ప్రాచీనాంగ్లమున ‘ఫోర్మ’ అనగా మొదటిది. ‘మెదుమ’ అనగా నడిమిది. ఈ రెండవ పదము మన ‘మధ్యమ’కు సోదరము.

అయితే ప్రాచీనాంగ్ల కాలమునాటికే ఈ మకారమునకు తమబర్థమును స్ఫురింపజేయు శక్తి నశించుచుండెను. వినువారికి ‘ఫోర్మ’ అను పదమున అతిశయము తోపలేదు. అందుచే దానిపై ‘ఎస్ట్’ ప్రత్యయమును చేర్చి ‘ఫోర్మెస్ట్’ అనిరి. అట్లే ‘లోపలి’, ‘వెలుపలి’, ‘నడిమి’ అను అర్థములుగల శబ్దములకును ‘మెస్ట్’ అను జంటప్రత్యయము చేరినది. తరువాత ఈ ‘మెస్ట్’ రెండు ప్రత్యయముల కూడిక యను సంగతియు మరుగుపడినది. జనులు దానిని ‘మోస్ట్’ అను స్వతంత్రపదముగా భ్రమించిరి. ఆ భ్రమయొక్క ఫలితములే నేటి ‘ఫోర్‌మోస్ట్’, ‘ఇన్‌మోస్ట్’, ‘అట్‌మోస్ట్’ శబ్దములు. నేడు ఎంతటి నిష్ఠురుడైన వ్యాకర్తయు తప్పుపట్టని ‘ఫోర్‌మోస్ట్’ శబ్దమున చరిత్రదృష్టితో చూచినచో రెండు తమబర్థక ప్రత్యయము లున్నవి.

ఆ ‘ఫోర్మ’ శబ్దమునకే 12వ శతాబ్ది ప్రాంతమున తరబర్థక ప్రత్యయము చేరి ‘ఫార్మర్’ అను పదము పుట్టినది. పదమునందలి పూర్వపు తమబర్థకము పూర్తిగా మరువబడినగాని దానిపై తరబర్థకము చేరదు. ‘మొదటిది’ అను అర్థము ‘ఇద్దరిలో మొదటిది’, ‘పూర్వపుది’ అని దిగివచ్చినది.

ఇట్లు అరిగి సామాన్యపదములైనవి మరికొన్ని కలవు. ‘ఫస్ట్’ అనునది ‘ముందు’ అను అర్థముగల శబ్దముయొక్క తమబర్థకము. ‘అందరికంటె ముందున్నది’ అని దాని తొలి అర్థము. ‘లాస్ట్’ అనునది ‘లేట్’ శబ్దముయొక్క పాత తమబర్థకము. అది సంకోచించి మూలమునకు దూరమైపోగా, దాని స్థానమున ‘లేటెస్ట్’ అను క్రొత్త రూపము వాడుకలోనికి వచ్చినది. ‘నెక్స్ట్’ అనునది ‘సమీపము’ అను అర్థముగల ‘నై’ శబ్దమునకు తమబర్థకము. ‘అన్నిటికంటె దగ్గరిది’ అను అర్థము ‘తరువాతిది’ అని మారినది. ‘నియర్’ అనునది ఆ శబ్దమునకే తరబర్థకము. ఆ సంగతి మరచి, దానినే మూలవిశేషణముగా గ్రహించి, ‘నియరర్’, ‘నియరెస్ట్’ అను రూపములను కల్పించిరి. అనగా ‘నియరర్’ అనునది నిజమునకు ద్విరుక్త తరబర్థకము. దానిని ఎవరును దోషమనరు.

లాటినునుండి వచ్చిన పదముల గతియు ఇట్టిదే. ‘సుప్రీమ్’, ‘ఎక్స్‌ట్రీమ్’, ‘ప్రైమ్’, ‘మాగ్జిమమ్’ అను శబ్దములన్నియు లాటినున తమబర్థకములే. ఆంగ్లమున అవి సామాన్యవిశేషణములుగనో నామములుగనో నిలిచినవి. అతిశయమును చెప్పు మాట యెంత యెక్కువగా వాడబడునో అంత త్వరగా సామాన్యమగును. సామాన్యమైనప్పుడు మరల దానిని బలపరుపవలసి వచ్చును. పై ఉదాహరణము లన్నిటిలోను ఈ ధర్మమే పనిచేసినది.

‘మోస్ట్’ రాక

ప్రత్యయమును చేర్చుటకు మారుగా విశేషణమునకు ముందు ‘మోస్ట్’ అను మాట నుంచు పద్ధతి ప్రాచీనాంగ్లమున చాల అరుదు. 13వ శతాబ్దినుండి అది కనబడుచు 14, 15 శతాబ్దులలో వ్యాపించినది. దీనికి ఫ్రెంచి, లాటిను భాషల ప్రభావము కారణమని కొందరును, ఆంగ్లభాష విభక్తిప్రత్యయములను కోల్పోయి విడిమాటలపై ఆధారపడుటకు మొదలిడుటయే కారణమని కొందరును తలంతురు. రెండును కొంతకొంత తోడ్పడియుండవచ్చును.

దాదాపు మూడు శతాబ్దుల కాలము ఈ రెండు పద్ధతులును ఏ విశేషణమునకైనను చెల్లుచుండెను. ఏకాక్షర పదములకు ‘ఎస్ట్’, దీర్ఘపదములకు ‘మోస్ట్’ అను నేటి విభజన అప్పటికి స్థిరపడలేదు. 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యమున మిల్టను ‘వర్చువసెస్ట్’ అను రూపమును వాడెను. 19వ శతాబ్దిలో కార్లైల్ కూడ దీర్ఘపదములకు ‘ఎస్ట్’ చేర్చుటకు వెనుదీయలేదు.

రెండు పద్ధతు లున్నపుడు వానిని ఒకే పదమున కూర్చుట వింత కాదు. ‘జూలియస్ సీజర్’ నాటకమున సీజరు శవముపై ప్రసంగించుచు ఆంటొనీ బ్రూటసు పొడిచిన పోటును ‘మోస్ట్ అన్‌కైండెస్ట్’ అని వర్ణించును. హామ్లెట్ తన ప్రేమలేఖలో ‘మోస్ట్ బెస్ట్’ అనును. ఇవి అపండితుల నోట పలికించిన మాటలు కావు. ఒకడు రోమక ప్రభువు, మహావక్త. రెండవవాడు విశ్వవిద్యాలయమున చదివిన రాజకుమారుడు. 1611నాటి బైబిలు అనువాదమున అపొస్తలుడైన పౌలు తాను పూర్వము అనుసరించిన మతశాఖను ‘మోస్ట్ స్ట్రెయిటెస్ట్’ అను విశేషణముతో పేర్కొనును. కవర్డేల్ అనువదించిన కీర్తనలలో దైవమునకు ‘మోస్ట్ హైయెస్ట్’ అను సంబోధన కలదు. ఈ కీర్తనలు ఆంగ్లేయ క్రైస్తవసంఘముయొక్క ప్రార్థనాగ్రంథమున చేరుటచే తరతరములుగా దేవాలయములలో చదువబడినవి. ఇట్లు రాజసభయందును, రంగస్థలమునందును, దైవసన్నిధియందును ఈ రూపము గౌరవముతో చెల్లుచుండెను.

వ్యాకర్తల అభిప్రాయముకూడ అప్పుడు దీనికి ప్రతికూలము కాదు. షేక్స్పియరు సమకాలికుడైన బెన్ జాన్సన్ రచించిన ఆంగ్లవ్యాకరణము అతని మరణానంతరము 1640లో ముద్రితమైనది. అందు అతడు ద్విరుక్త రూపములను ప్రాచీన గ్రీకుల వాగ్ధోరణిని అనుసరించు ఒక సొగసైన ఆంగ్లప్రయోగముగా పరిగణించెను. ఆ మాట చెప్పుచు తానును అట్టి రూపమునే వాడుట గమనింపదగినది.

మార్పు ఛాయలుకూడ ఆ కాలముననే కనబడుచున్నవి. ‘కింగ్ లియర్’ నాటకముయొక్క 1608నాటి ప్రతిలో కార్డీలియాను గూర్చి ‘మోస్ట్ బెస్ట్, మోస్ట్ డియరెస్ట్’ అని యుండగా, 1623నాటి సంపుటమున ఆ రెండు చోట్లను ‘మోస్ట్’ తొలగి, ‘బెస్ట్’, ‘డియరెస్ట్’ అను శుద్ధరూపములే యున్నవి. ఈ నాటకముయొక్క రెండు ప్రతుల భేదములకు అనేక కారణము లుండవచ్చును గాన ఈ యొక్క నిదర్శనముచే సిద్ధాంతము చేయరాదు. తరువాతి కాలము పోయిన దారికి మాత్రము ఇది అనుగుణముగా నున్నది.

వ్యాకర్తల శాసనము

18వ శతాబ్దిలో ఇంగ్లండున పరిస్థితి మారెను. వర్తకముచే వృద్ధిపొందిన మధ్యతరగతివారు శిష్టభాషను గ్రంథములద్వారా నేర్వగోరిరి. ముద్రణాలయములకు ఏకరూపత కావలసియుండెను. లాటిను వ్యాకరణముపై పెరిగిన పండితులకు ఆంగ్లమునకును అట్టి నియమబంధము కావలెనను కోరిక యుండెను. 1755లో వెలువడిన తన నిఘంటువునకు ముందు చేర్చిన వ్యాకరణమున శామ్యూల్ జాన్సన్ తమబర్థక నియమములను చెప్పి, వానికి లొంగని మిల్టను మొదలగువారి ప్రయోగములను చూపి, వ్యాకరణమునకు ఇటీవలనే, అదియు కొలదిగనే లోబడిన భాషలో ఇట్టి వైపరీత్యములు తప్పవను భావమును ప్రకటించెను.

1762లో రాబర్ట్ లౌత్ రచించిన వ్యాకరణము ద్విరుక్త రూపములను దోషములుగా నిర్ణయించినది. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ‘మోస్ట్ హైయెస్ట్’ అను కీర్తనల ప్రయోగమును మాత్రము లౌత్ నిరాకరింపలేదు. అత్యున్నతములకంటెను ఉన్నతుడగు పరమేశ్వరుని విషయమున ఆ రూపమునకు ఒక విశేషమైన ఔచిత్యము కలదని అతడు భావించెను. అతడు క్రైస్తవమతాచార్యుడు, తరువాతి కాలమున లండను బిషప్పుగా నుండెను. తర్కవిరుద్ధమైనది దేవుని విషయమున మాత్రము తర్కసమ్మతము కాజాలదు. కావున అతడు తెలియకయే ఒక సత్యము నంగీకరించినాడు: ద్విరుక్తికి అర్థము కలదు.

ఈ సందర్భమున మన కాశికావృత్తి చెప్పిన మాట స్మరింపదగినది. యజుర్వేద ప్రారంభముననే ‘శ్రేష్ఠతమ’ శబ్దము కలదు. అందు ‘ఇష్ఠ’పై ‘తమ’ చేరినది. అతిశయము గలవారిలోనే మరల అతిశయమును చెప్ప నిచ్ఛగలిగినపుడు, అతిశయార్థక ప్రత్యయాంతముపై మరియొక ప్రత్యయము రావచ్చునని కాశికాకారులు స్పష్టముగా సమాధానము చెప్పిరి. లౌత్ ఒక్క దేవునికి మాత్రమే యిచ్చిన మినహాయింపును, వారు వక్తయొక్క వివక్షను ఆధారముగా చేసికొని సాధారణ సూత్రముగా నంగీకరించిరి.

1795లో లిండ్లీ మరే ప్రకటించిన వ్యాకరణము లౌత్ మొదలగువారి నియమములను పాఠశాలలకు తగినట్లు కూర్చినది. దానికి లెక్కకు మిక్కిలిగా పునర్ముద్రణలు వచ్చినవి. ఇద్దరిలో ఒకరిని చెప్పునపుడు తరబర్థకమే క్రమమైనదని మరే చెప్పెను. ‘తర’, ‘ఈయస్’ ప్రత్యయములు ఇద్దరి విషయముననే వచ్చునని పాణిని విధించియుండుటచే ఈ నియమము మనకు సహజముగనే తోచును. కాని ఆంగ్లమున వాడుక దానికి పూర్తిగా లోబడలేదు. 1815 చివర వెలువడిన ‘ఎమ్మా’ నవల తొలి పుటలోనే జేన్ ఆస్టిన్ కథానాయికను ఇద్దరు కుమార్తెలలో ‘యంగెస్ట్’ అని పరిచయము చేసినది. ఆంగ్లగద్యమునకు ఆదర్శముగా నెంచబడు రచయిత్రి ప్రయోగ మది.

స్వతః పరిపూర్ణతను చెప్పు విశేషణములకు తారతమ్యము కూడదనుట మరియొక నియమము. ‘పర్ఫెక్ట్’, ‘చీఫ్’, ‘ఎక్స్‌ట్రీమ్’ శబ్దములు ఈ కోవలోనివి. అయినను 1787లో సిద్ధమైన అమెరికా రాజ్యాంగముయొక్క పీఠికలో ‘మోర్ పర్ఫెక్ట్’ అను ప్రయోగము కలదు. దానిని రచించినవారు వ్యాకరణ మెరుగనివారు కారు.

అర్థవిచారము

తమబర్థకము గుణాధిక్యమును చెప్పునని సామాన్యముగా అందురు. ఇది సగము నిజము. ముగ్గురు పొట్టివారిలో ఒకడు మిగిలిన యిద్దరికంటె పొడవైనచో అతడు ‘టాలెస్ట్’ అగును. పొడగరి మాత్రము కాడు. కావున తమబర్థకమునకు ముఖ్యమైనది గుణముయొక్క పరిమాణము కాదు. ఒక సముదాయమునుండి ఒకదానిని వేరుచేసి చూపుట. మన వ్యాకరణములలో దీనికే ‘నిర్ధారణము’ అని పేరు. సంస్కృతమున నిర్ధారణమునకు షష్ఠియో సప్తమియో వచ్చును. రెండును వేరుపడియున్నపుడు పంచమి వచ్చును. ఆంగ్లమున తమబర్థకముతో ‘ఆఫ్’, ‘ఇన్’ అనునవియు, తరబర్థకముతో ‘దాన్’ అనునదియు వచ్చుట ఈ విభాగమునకు చక్కగా సరిపోవును. తమబర్థకమున చెప్పబడు వస్తువు సముదాయములోనిది, తరబర్థకమున వెలుపలిది.

మిల్టను ఈవ్‌ను ఆమె కుమార్తెలలో సుందరతమగా వర్ణించిన వాక్యమును విమర్శకులు ఆక్షేపించుటకు ఇదియే కారణము. ఈవ్ తన కుమార్తెలలో ఒకతె కాదు. ఇది గ్రీకు వాక్యధోరణి ననుసరించి కవి చేసిన ప్రయోగము. తప్పు అని తోచినను అర్థబోధకు లోపము రాకపోవుట గమనింపదగినది.

నిర్ధారణముతో పనిలేని తమబర్థకముకూడ ఒకటి కలదు. ‘ఎ మోస్ట్ లెర్నెడ్ మాన్’ అనినచో ‘మిక్కిలి పండితుడు’ అనియే అర్థము. ‘అందరిలో’ అను భావము లేదు. ఆర్టికల్ మారుటచే అర్థము మారుచున్నది. లాటిను తమబర్థకమునకును ఈ రెండర్థములు కలవు. బిరుదములలో కనబడునది ఈ రెండవ అర్థమే. ఇంగ్లండున డ్యూకునకు ‘మోస్ట్ నోబుల్’ అనియు, ఆర్చిబిషప్పునకు ‘మోస్ట్ రెవరెండ్’ అనియు వాడుక. డ్యూకులు అనేకులుండగా అందరును ‘అందరికంటె’ ఉదాత్తులు కాజాలరు గదా! 1861లో బ్రిటిషువారు భారతదేశమున స్థాపించిన స్టార్ ఆఫ్ ఇండియా బిరుదవర్గమునకు ‘మోస్ట్ ఎక్సాల్టెడ్’ అను విశేషణ మున్నది. అనేక సంస్థానాధీశులకు ‘హైనెస్’ అను గౌరవ ముండుటచే, 1918లో హైదరాబాదు నిజామునకు ‘ఎక్సాల్టెడ్ హైనెస్’ అను ప్రత్యేకబిరుద మీయవలసివచ్చినది. ‘హైనెస్’ అనునది తమబర్థకము కాకపోయినను, అరిగిన ఔన్నత్యముపై క్రొత్త ఔన్నత్యమును చేర్చుట యిక్కడను జరిగినది. ప్రాచీనాంగ్లమున ‘ఫోర్మ’కు ‘ఎస్ట్’ చేరుటకును దీనికిని స్వభావభేదము లేదు.

తెలుగు విద్యార్థి, ఆంగ్ల తమబర్థకము

తెలుగున తరబర్థకమునకుగాని తమబర్థకమునకుగాని ప్రత్యయము లేదు. ద్రావిడభాషలలో ఈ యర్థము వాక్యనిర్మాణముచేతనే సిద్ధించునని కాల్డ్‌వెల్ 1856లో ప్రకటించిన తన తులనాత్మక వ్యాకరణమున గుర్తించెను. ‘వారిలో పెద్ద’ అనుటచే నిర్ధారణము, ‘వానికంటె పెద్ద’ అనుటచే తరబర్థము మనకు తెలియును. విశేషణము మారదు. సంస్కృతమునుండి గ్రహించిన ఉత్తమ, శ్రేష్ఠ శబ్దములు తెలుగున సామాన్యవిశేషణములుగనే వర్తించును. అందుచేతనే ‘అత్యుత్తమము’, ‘సర్వశ్రేష్ఠము’ అని మనము నిస్సంకోచముగా పలుకుదుము. ‘మోస్ట్ బెస్ట్’ వ్రాసిన విద్యార్థి మనస్సున పనిచేసినది ఈ వాడుకయే కావచ్చును. ఆతని దోషము బుద్ధిలోపము కాదు. ఒక భాషలోని అలవాటును మరియొక భాషకు అన్వయించుట.

మరియొక దోషముకూడ ఇట్టిదే. మన దేశమున అనేక తరముల విద్యార్థులు చదివిన రెన్, మార్టినుల వ్యాకరణమున తారతమ్యరూపములను పరస్పరము మార్చు అభ్యాసములు కలవు. తమబర్థకమును తరబర్థకముగా మార్చునపుడు ‘ఎనీ అదర్’ అని వ్రాయవలసియుండగా మన విద్యార్థులు తరచు ‘అదర్’ను విడిచిపెట్టుదురు. తెలుగున ‘అన్నిటికంటె పెద్దది’ అనుట చెల్లును. ‘ఇతరములైన అన్నిటికంటె’ అని చెప్పనక్కరలేదు. ‘కంటె’ ఉన్నను వస్తువు ఆ ‘అన్నిటి’లో చేరునా చేరదా యని మనము విచారింపము. ఆంగ్లమున ‘దాన్’ వచ్చినప్పుడు వస్తువు సముదాయమునకు వెలుపల నిలువవలెను. ఆ వెలుపలితనమును సూచించునదే ‘అదర్’. నిర్ధారణ షష్ఠికిని పంచమికిని గల భేదమును తెలిసిన విద్యార్థికి ఈ విషయము ఒక్క మాటతో బోధపడును. తెలుగు, సంస్కృత వ్యాకరణముల జ్ఞానము ఆంగ్లబోధనకు అడ్డమని తలచువారు ఈ యంశమును పరిశీలింతురు గాక.

నేటి శిష్టాంగ్లమున ద్విరుక్త తమబర్థకము చెల్లదు. పరీక్షలోను, పత్రములోను విద్యార్థి దానిని పరిహరింపవలసినదే, ఉపాధ్యాయుడు దిద్దవలసినదే. దిద్దునపుడు చెప్పదగిన కారణము మాత్రము ‘ఇది నేటి ఆచారము కాదు’ అనునది. ‘ఇది అర్థములేనిది’ అనునది కాదు. ‘ఫోర్‌మోస్ట్’, ‘నియరెస్ట్’ అను మాటలను ప్రతిదినము వ్రాయుచు ద్విరుక్తి తర్కవిరుద్ధమని బోధించుట పొసగదు. ఆచారమును ఆచారముగా చెప్పినచో విద్యార్థికి నియమమును తెలియును, భాషాచరిత్రయందు ఆదరమును కలుగును. తర్కముగా చెప్పినచో, పిమ్మట అతడు షేక్స్పియరును చదివినపుడు కవిని శంకించును, లేదా గురువును శంకించును.